అంతస్తు ఎవరిచ్చునది?

కృష్ణా తుంగభద్రల నడుమ, గద్వాల కోటగోడల నీడన నిలిచి, లోకరాజ్యముల కొలువులో భారతదేశమునకు నేడు లభించిన స్థానమును గూర్చి తలపోయుట పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చును. ఢిల్లీలోను, న్యూయార్కులోను చర్చింపబడు విషయములకు నడిగడ్డతో పనియేమి యని వారడుగవచ్చును. మా యభిప్రాయము వేరు. ఒక రాజ్యము మరియొక రాజ్యము ముందు తల వంచుట యననేమో, బిరుదునకును బలమునకును గల భేదమేమో, అధికారము చేతులు మారినప్పుడు సామాన్యుని బ్రతుకు మారునో మారదో, ఈ సంగతులన్నిటిని మూడు వందల యేండ్లుగా కన్నులార చూచిన సీమ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమ. 2016 అక్టోబరు 11వ తేదీన ఇవి మూడును వేర్వేరు జిల్లాలైనవి. అంతకుముందు పాలమూరు జిల్లాలోని భాగములు. అంతకుముందు నైజాము రాజ్యములోని సంస్థానములు, తాలూకాలు. పేరులు మారినను నేల యదియే, జనులు వారే.

దేశము పొందిన గౌరవమును మొదట చెప్పుకొందము. 2022లో భారతదేశము బ్రిటనును దాటి ప్రపంచమున అయిదవ పెద్ద ఆర్థికవ్యవస్థ యైనదని అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కలు చూపినవి. 2023లో జనసంఖ్యయందు చైనాను మించినదని ఐక్యరాజ్యసమితి అంచనా వేసినది. ఆ యేడే ఆగస్టు 23వ తేదీన మన నౌక చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. సెప్టెంబరు 9, 10 తేదీలలో జి-20 రాజ్యముల అధినేతలు మన రాజధానికి వచ్చి మన అధ్యక్షతన సమావేశమైరి. మన నేలిన దేశమును సంపదలో దాటితిమన్న వార్త విని పొంగని హృదయ ముండదు. ఆ పొంగులో మేమును భాగస్థులమే. అయినను పొంగు చల్లారిన పిమ్మట ఒక ప్రశ్న మిగులుచున్నది. ఈ అంతస్తు ఎవరిచ్చినది? అది దేనిమీద నిలిచి యున్నది?

పేష్కషు కట్టిన రాజ్యములు

గద్వాల కోటను కట్టించిన సోమనాద్రి పేరు నడిగడ్డలో నేటికిని పల్లెపల్లెకు తెలియును. ఆయన వారసులు ఎనిమిది వందల చదరపు మైళ్లకు పైబడిన సంస్థానమును ఏలిరి. పండితులను పిలిచి సత్కరించిరి. విద్వద్గద్వాల యన్న పేరు ఆంధ్రదేశమంతట మ్రోగినది. గద్వాల టంకశాలలో ముద్రితమైన నాణెములు రాయచూరు ప్రాంతమున చెలామణి యయ్యెను. కోట కలదు, కొలువు కలదు, నాణెము కలదు. ఇంతకన్న రాజ్యమునకు వలసిన దేమని అడుగవచ్చును. వలసినది ఒకటి కలదు. గద్వాల ప్రభువు ఏటేట హైదరాబాదుకు పేష్కషు కట్టుచుండెను. వనపర్తి ప్రభువు నట్లే. తమ గడపలోపల రాజులు, గడప దాటిన సామంతులు.

అట్లని పేష్కషు పుచ్చుకొన్న నైజాము స్వతంత్రుడా? 1724లో దక్కనున తన అధికారమును నెలకొల్పుకొన్న అసఫ్‌జాహీ వంశమువారి నాణెములపై 1857 వరకును ఢిల్లీ పాదుషా పేరే కానవచ్చుచుండెను. 1798లో నైజాము ఆంగ్లేయులతో సైన్యసహాయపు సంధి చేసికొనెను. రెండేండ్లలో ఆ సైన్యపు ఖర్చుకై బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలు చేజారి దత్తమండలములైనవి. 1853లో బాకీ క్రింద బేరారుతోపాటు రాయచూరు అంతర్వేదియు ఆంగ్లేయుల పాలనలోనికి పోయి 1860లో తిరిగి వచ్చినది. నడిగడ్డ రైతు ఆ యేడేండ్లలో ఒక దొరను విడిచి మరియొక దొరను, మరల మొదటి దొరను చూచెను. శిస్తు మాత్రము ఏ దొరకైనను కట్టక తప్పలేదు.

బలము పోయిన కొలదియు బిరుదులు పెరిగినవి. ఇది చరిత్రలో తరచు కానవచ్చు విషయమే. 1918లో ఆంగ్ల ప్రభుత్వము ఏడవ నైజామునకు ఇతర సంస్థానాధీశు లెవరికిని లేని బిరుదము నొసగినది. ఇరువది యొక్క తుపాకుల వందన మంతకుముందే కలదు. ఆ బిరుదమును నమ్మి నైజాము బేరారు తిరిగి ఇండని సమానునివలె వాదించెను. 1926 మార్చి 27వ తేదీన వైస్రాయి రీడింగు ప్రభువు వ్రాసిన ప్రత్యుత్తరము ఆ భ్రమను పటాపంచలు చేసినది. భారతదేశమున ఆంగ్ల చక్రవర్తి సార్వభౌమత్వమే పరమమైనదనియు, ఏ సంస్థానాధీశుడును సమానుడై ఆంగ్ల ప్రభుత్వముతో బేరమాడజాలడనియు ఆ లేఖ సారాంశము. తుపాకుల వందనము గాలిలో కలసిపోయెను, లేఖ మిగిలెను. ఎవడు మన అంతస్తును దయతో ఇచ్చునో వాడే దానిని ఒక్క లేఖతో లాగికొనగలడని గద్వాలకోట నుండి నైజాము దేవిడీ దాక అందరికిని తెలిసివచ్చినది.

అదే 1926లో హైదరాబాదున మరియొకటి జరిగినది. గద్వాల ప్రాంతమునకు చెందిన ఇటిక్యాలపాటి బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను వెలువరించిరి. ఆ పత్రికకు తుపాకుల వందనము లేదు. బిరుదులు లేవు. తెలుగువాని కష్టమును తెలుగులో వ్రాయుటయే దాని పని. ప్రభువునకు పైనుండి వచ్చిన గౌరవము తరిగిపోవుచున్న యేడే, ప్రజకు క్రిందినుండి వచ్చు గౌరవము మొలకెత్తినది. ఈ రెంటిలో ఏది నిలిచినదో పాఠకు లెరుగుదురు.

పారిసు సభలో హైదరాబాదు

మన దేశపు అంతస్తు సైతము ఒకనాడు ఇట్టి వింతయే. నానాజాతి సమితి ఏర్పడినప్పుడు భారతదేశము అందులో సభ్యురాలు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసనముపై సంతకము చేసిన దేశములలోను భారతదేశము కలదు. కాని నాటికి దేశము పరాధీనము. సభలో కుర్చీ మనది, కుర్చీలో కూర్చున్నవానిని పంపినది పరప్రభుత్వము. 1947 ఆగస్టు 15 పిమ్మటనే ఆ కుర్చీకి అర్థము కలిగినది.

అర్థము కలిగిన మరునాడే దానికి పరీక్షయు వచ్చినది. ఆంగ్లేయుల పరమాధికారము తొలగినందున తాను స్వతంత్రుడ నైతినని నైజాము వాదించెను. 1947 నవంబరు 29వ తేదీన యథాతథపు ఒడంబడిక జరిగెను. ఒడంబడిక నిలువలేదు. రజాకార్ల ఆగడములకు పల్లెలు తల్లడిల్లెను. 1948 ఆగస్టులో హైదరాబాదు ప్రభుత్వము భారతదేశముపై భద్రతా మండలికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు సరిహద్దు దాటెను. 16వ తేదీన పారిసులో కూడిన మండలిలో ఆ ఫిర్యాదు విచారణకు రాగా, భారతదేశము పక్షమున రామస్వామి మొదలియారుగారు వాదించిరి. 17న నైజాము లొంగిపోయెను. కొన్ని దినములకే ఆయన తన ఫిర్యాదును ఉపసంహరించుకొనెను.

ఈ కథను మనము సాధారణముగా విజయగాథగానే చెప్పికొందుము. చెప్పికొనుట న్యాయమే. కాని దీనిలో రెండు విషయములు మరువరానివి. మొదటిది: హైదరాబాదునకు కోశము కలదు, నాణెము కలదు, రైలు కలదు, పారిసుకు ప్రతినిధులను పంపు స్తోమతు కలదు. లేనిది తన ప్రజల సమ్మతి. ఆ యొక్కటి లేనందున మిగిలినవన్నియు అయిదు దినములలో కూలినవి. రెండవది: ఆ విజయపు నీడన హైదరాబాదు రాష్ట్రమున అమాయకులైన ముస్లిములు పెక్కుమంది హతులైరి. భారత ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము విచారించి నివేదిక నొసగినది. ఆ నివేదిక దశాబ్దముల కాలము ప్రజలయెదుటికి రాలేదు. లోకము మెచ్చవలెనని కోరు దేశము తన లెక్కపుస్తకములోని ఎర్రసిరా వరుసలను గూడ తానే చదువుకొనవలయును. ఇతరులు చదివి వినిపించుదాక వేచియుండుట గౌరవము కాదు.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనము వచ్చినది. సంస్థానములు ముగిసినవి. 1952 ఎన్నికలలో వనపర్తి ఓటరులు సురవరము ప్రతాపరెడ్డిగారిని శాసనసభకు పంపిరి. పేష్కషు ఎవరికెంతయని లెక్కవేయు కాలము పోయి, ఓటులెన్నియని లెక్కవేయు కాలము వచ్చినది.

వనపర్తినుండి ఆక్రాకు

హైదరాబాదు నగరమున ఏ.సీ. గార్డ్సు అను పేట కలదు. ఆఫ్రికా ఆశ్వికదళము నివసించిన చోటగుటచే దానికా పేరు వచ్చినది. ఆ దళము తొలుత వనపర్తి రాజులదనియు, వారు దానిని నైజామునకు సమర్పించిరనియు చెప్పుదురు. సముద్రము దాటి వచ్చిన ఆఫ్రికా బిడ్డలు ఒక సామంతుని కొలువునుండి అతని ప్రభువు కొలువునకు మారిరన్నమాట. నాటి లోకమున మనుష్యులు సైతము కానుకలే.

ఆ వనపర్తి వంశమునకు తుది రాజైన రామేశ్వరరావుగారు (1923-1998) సంస్థానము పోయిన పిమ్మట ఏమి చేసిరో చూడుడు. స్వతంత్ర భారతదేశపు విదేశాంగ శాఖలో చేరిరి. నైరోబిలోని మన కమిషను కార్యాలయమున పనిచేసి, పిదప గోల్డుకోస్తు రాజధానియైన ఆక్రాలో భారత కమిషనరుగా నుండిరి. గోల్డుకోస్తు నాటికింకను ఆంగ్లేయుల వలస. 1957లో అదియే ఘానా యను పేర స్వతంత్ర మైనది. ఆఫ్రికా సైనికులను కానుకగా నిచ్చిన వంశపువాడు, ఆఫ్రికా ప్రజల స్వాతంత్ర్యము తెల్లవారుచున్న వేళ, స్వతంత్ర దేశపు ప్రతినిధిగా వారి నడుమ నిలుచుట సామాన్యమైన మార్పు కాదు. 1957లో ఆయన లోక్‌సభకు ఎన్నికై పాలమూరు ప్రజలకు ప్రతినిధి యయ్యెను. వనపర్తి రాజప్రాసాదము 1959 మొదలు సాంకేతిక విద్యాలయ మైనది. దర్బారు జరిగినచోట రైతుబిడ్డలు యంత్రశాస్త్రము నేర్చిరి.

ఆ దినములలో మన దేశమునకు సంపద లేదు. అణ్వస్త్రము లేదు. అయినను మాటకు విలువ కలదు. 1946లోనే, స్వాతంత్ర్యమునకు ముందే, దక్షిణాఫ్రికాలోని భారతీయుల అగచాట్లను విజయలక్ష్మీ పండితుగారు ఐక్యరాజ్యసమితి సభలో లేవదీసిరి. ఆ దేశముతో వర్తకమును సైతము మనము తెంచుకొంటిమి. 1860 మొదలు నేటాలు చెరకుతోటలకు కూలికి పోయిన వారిలో మన తెలుగువారును వేలకొలది కలరు. ఆ వాదము వారి కన్నీటి కొరకే. 1953లో కొరియా యుద్ధఖైదీల సమస్యను తీర్చుటకు ఏర్పడిన తటస్థరాజ్యముల సంఘమునకు భారతదేశము అధ్యక్షత వహించినది. 1955లో బాండుంగు మహాసభలో ఆసియా ఆఫ్రికా దేశములు మన మాటను చెవియొగ్గి వినినవి. వినుటకు కారణము మన బలము కాదు. ఈ దేశము తమవలెనే పరపాలనలో నలిగినది, తమ దుఃఖము నెరిగినది అన్న నమ్మకము.

ఆ నమ్మకమునకు ఫలము డెబ్బది యేండ్ల తరువాతను కానవచ్చినది. 2023లో మన అధ్యక్షతన జరిగిన సమావేశముననే ఆఫ్రికా సమాఖ్య జి-20 కూటమిలో పూర్ణసభ్యత్వము పొందినది. ఆ సమావేశపు దీపాలంకారములను లోకము మరచియుండును. ఆఫ్రికాకు వేసిన కుర్చీని మరువదు.

గోధుమ, బంగారము, అణువు

అయితే నైతికగౌరవ మొక్కటియే చాలునని వాదించువారితో మేమేకీభవింపము. 1962లో చైనాతో జరిగిన యుద్ధము ఆ కలను చెదరగొట్టినది. 1965, 66 సంవత్సరముల కరవులు మరింత కఠినమైన పాఠమును నేర్పినవి. 1966లో కోటి టన్నులకు పైబడిన ధాన్యము విదేశములనుండి రావలసివచ్చినది. అందులో అధికభాగము అమెరికా గోధుమ. మన విదేశాంగనీతి నచ్చనప్పుడు ఆ దేశాధ్యక్షుడు ఓడలను నెలనెలకు తూచి విడుచుచుండెను. ఆ యేడే జూనులో రూపాయి విలువ తగ్గింపబడి, డాలరునకు 4 రూపాయల 76 పైసలుండినది ఏడున్నర రూపాయలైనది. అన్నమునకు చేయి చాచు దేశము సభలో ఎంత చక్కగా మాటలాడినను, మాటకు తూకముండదు. పేష్కషు కట్టుట యొక తీరు సామంతత్వము. ఎదుటివాని ఓడకై రేవున ఎదురుచూచుట మరియొక తీరు.

1991లో విదేశీ మారకద్రవ్యము అడుగంటగా రిజర్వు బ్యాంకు నలుబదియారు టన్నులకు పైబడిన బంగారమును లండనుకు పంపి అప్పు తేవలసివచ్చినది. ఆ సంక్షోభపు రోజులలో ప్రధానియైన తెలుగుబిడ్డ పీ.వీ. నరసింహారావుగారు ఆర్థికవిధానమును మలుపు త్రిప్పిరి. 2022 నాటి లెక్కలలోని అయిదవ స్థానమునకు విత్తు ఆ యవమానమున పడినది.

అణుశక్తి కథయు నట్టిదే. 1974 మే 18న పోఖరణులో మనము ప్రయోగము చేసితిమి. దానికి శిక్షగా అణు సరఫరాదారుల కూటమి యొకటి ఏర్పడి ఇంధనమును, సామగ్రిని మనకు రాకుండ కట్టడిచేసినది. 1998 మేలో మరల ప్రయోగములు, మరల ఆంక్షలు. పది యేండ్లకు లోకమే మెత్తబడినది. 2008 సెప్టెంబరు 6న వియన్నాలో ఆ కూటమియే మనకొక మినహాయింపు నొసగినది. అణ్వస్త్రవ్యాప్తి నిరోధక సంధిపై సంతకము చేయకయే ఇట్టి మినహాయింపు పొందిన దేశము మనదొక్కటియే. అట్లని ఆ కూటమిలో సభ్యత్వము మాత్రము రాలేదు. భద్రతా మండలికి ఎనిమిదిమార్లు ఎన్నికై రెండేసి యేండ్లు కూర్చుంటిమి, 2021-22 తో ఆ యెనిమిదవ విడత ముగిసినది. శాశ్వతస్థానము అయిదుగురి చేతనే యున్నది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులు పెక్కింటిపై సుంకమును నూటికి ఏబదికి పెంచినప్పుడు, నిన్నటి పొగడ్తలు సుంకపు గుమాస్తా బల్లమీద చెల్లలేదు. రీడింగు లేఖను చదివినవారి కిది క్రొత్త సంగతి కాదు.

నల్లమల ప్రశ్న

ఇక్కడ నాగర్‌కర్నూలు జిల్లా ఈ కథలోనికి వచ్చుచున్నది. ఆ జిల్లాకు దక్షిణమున నల్లమల కలదు. అమ్రాబాదు పులుల అభయారణ్యము రెండు వేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఆ యడవిలో చెంచులు తేనె, గడ్డలు సేకరించుచు తరతరములుగా బ్రతుకుచున్నారు. చక్రవర్తులు, పాదుషాలు, నైజాములు వచ్చి పోయినను చెంచుకు అంతస్తు నిచ్చినవారు లేరు. అతడు అడిగినదియు లేదు.

2019 మేలో కేంద్ర పర్యావరణశాఖకు చెందిన అటవీ సలహాసంఘము, ఆ యరణ్యములో సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియముకై అన్వేషణ జరుపుటకు సూత్రప్రాయముగ సిఫారసు చేసినది. సుమారు నాలుగువేల బోరుబావులు దింపుట ఆ ప్రతిపాదన. వార్త పొక్కగనే నల్లమల కదలినది. చెంచులు, లంబాడీలు, అచ్చంపేట అమ్రాబాదు పల్లెల రైతులు, విద్యార్థులు, కవులు, నటులు ఒక్కగొంతుతో వలదనిరి. ఆ యేడు సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ పక్షభేదములు లేక యురేనియము తవ్వకమును వ్యతిరేకించుచు తీర్మానించినది.

ఎదుటివాదమును గూడ న్యాయముగా వినవలయును. బొగ్గు తగ్గవలె, విద్యుత్తు పెరుగవలె, అణుకేంద్రములు నడువవలె, వానికి ఇంధనము వలయును. విదేశీ యురేనియముపై ఆధారపడుటయు ఒక పరాధీనతయే గదా, రేపు ఆ ఓడలును 1966 నాటి గోధుమ ఓడలవలె ఆగినచో నేమి గతియని వారడుగుదురు. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. కాని మా సమాధానము రెండు భాగములు. 2008 నాటి మినహాయింపు సాధించుటకు దేశము ముప్పది నాలుగేండ్లు ఓపికపట్టినది. ఆ ద్వారము తెరచుకొన్నందుననే కజకస్థాను, రష్యా, కెనడాలనుండి ఇంధనము వచ్చినది. కావున అమ్రాబాదు అడవిని త్రవ్వక గత్యంతరము లేదను మాట నిజము కాదు. దేశమునకు లోకమున పెరిగిన అంతస్తు దేశములోని దుర్బలునికి అక్కరకు రాగల తావు ఇదియే. కడప జిల్లా తుమ్మలపల్లె గని చుట్టుపట్ల గ్రామస్థులు తమ నీరు చెడినదని, పంటలు చెడినవని మొరపెట్టుకొనిరి. ఆ మొరకు తృప్తికరమైన జవాబు చెప్పనిదే, కృష్ణకు ఎగువనున్న నల్లమల జనమును నమ్మించుట కష్టము.

రెండవ భాగము ఇది. నిజముగ త్రవ్వవలసిన దినము వచ్చినను, అడుగవలసిన వారిని అడుగవలయును. 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీల చట్టమును, 2006 నాటి అటవీహక్కుల చట్టమును మనమే చేసికొంటిమి. గ్రామసభ మాటకు విలువ నిచ్చితిమి. పెద్దరాజ్యములు తమ్ము సంప్రదింపక లోకవ్యవహారములను నిర్ణయించుట అన్యాయమని మనము న్యూయార్కులో వాదించుచున్నాము. ఆ వాదమునే చెంచుపెంట పెద్ద మన యెదుట వాదించినచో మనకు జవాబు ఉండవలదా? భద్రతా మండలిలో కుర్చీ యడుగు నోరు గ్రామసభ కుర్చీని లాగివేయరాదు.

విద్వద్గద్వాలలో చదువు

కోటకు మరల వత్తము. ఒకనాడు విద్వద్గద్వాల యన్న పేరు పొందిన ఈ సీమలో చదువు ఎట్లున్నది? 2011 జనాభా లెక్కలను క్రొత్త జిల్లాల వారిగా విభజించి చూడగా, జోగులాంబ గద్వాల జిల్లాలో నూటికి ఏబదిమందికైనను అక్షరాస్యత లేదని తేలినది. తెలంగాణ జిల్లాలన్నింటిలో అదియే అడుగున నిలిచినది. పండితునకు శాలువ కప్పిన కొలువు, కాపుబిడ్డకు పలక ఈయలేదు. సంస్థానము పోయి అరువది యేండ్లు గడచిన పిమ్మటను మనమును ఈయలేకపోతిమి. రాజును తప్పుపట్టుట సులభము. ప్రజాప్రభుత్వపు డెబ్బది యేండ్లను గూర్చి మనల మనమే ప్రశ్నించుకొనవలయును.

పాలమూరు కూలి పేరు దేశమంతట తెలియును. ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను, మేస్త్రీ అప్పు నెత్తిన వేసికొని ఆలుబిడ్డలతో బండియెక్కిన పాలమూరువాడు అక్కడ నుండెను. దేశపు అంతస్తును తెలుపు లెక్కలలో ఆనకట్టలు కలవు, వంతెనలు కలవు, మేడలు కలవు. వానిని మోసిన భుజము లేదు. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కొల్లాపురము, ఆలంపురము ప్రాంతముల పల్లెలు మునిగినవి. ఆలయముల రాళ్లను గుర్తులువేసి తరలించి మరల కట్టిరి. రాళ్లకు దొరికిన శ్రద్ధ మనుష్యులకు దొరకలేదని నిర్వాసితులు నేటికిని వాపోవుదురు. గద్వాల చెంత జూరాల నిండి, కాలువలలోను ఎత్తిపోతల గొట్టములలోను నీరు పారిన తరువాత వలసబండ్లు కొంత తగ్గినవి. తగ్గినవి గాని ఆగలేదు.

2022లో సంపద మొత్తములో మనము అయిదవవారమైనను, ఆ మొత్తమును తలలచే భాగించినప్పుడు నూటికి పైబడిన దేశములు మనకు ముందున్నవి. ఈ రెండు అంకెలలో ఒక్కదానినే చెప్పువాడు సగము నిజమే చెప్పును. మొదటి యంకె ఢిల్లీ సభామందిరమున వినబడును. రెండవ యంకె గద్వాల బస్సునిలుపు చోట, మూట నెత్తిన పెట్టుకొని నిలిచిన కుటుంబమున కనబడును.

చేయవలసినది

కొందరు ఈ వ్రాతను చదివి, దేశము తలయెత్తుకొన్న వేళ ఈ వంకలేల యని కోపింతురు. వారికి మా మనవి యొకటే. ఈ సీమలోని ఆలంపురమున బాదామి చాళుక్యుల ఆలయములు పదమూడు వందల యేండ్లుగా నిలిచి యున్నవి. ఆ వంశపు రెండవ పులకేశి హర్షచక్రవర్తిని నర్మద దాటనీయక నిలువరించెను. చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆయన రాజ్యమును చూచి, ఆ జనుల ధైర్యమును, చేసిన మేలు మరువని గుణమును వ్రాసికొని పోయెను. పరదేశి మెచ్చినది కోశమును గాదు, ప్రజల శీలమును. ఆ పులకేశియే తుదకు పల్లవుల చేత రాజధానిని పోగొట్టుకొనెను. అంతస్తు ఒకమారు వచ్చిన శాశ్వతముగ నిలుచునది కాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

కావున శాశ్వతస్థానమునకై లోకముముందు మన వాదమును విడువనక్కరలేదు. అది న్యాయమైన వాదము. నూటనలుబది కోట్ల జనముగల దేశము లేని మండలి లోకప్రతినిధి కాజాలదు. దానితోపాటు ఇంటిలో చేయవలసిన పనులు కొన్ని కలవు. నల్లమలలో గ్రామసభల సమ్మతి లేక బోరుబావి దింపబోమని కేంద్రప్రభుత్వము చట్టబద్ధముగ చెప్పవలయును. గద్వాల జిల్లా అక్షరాస్యతను రాష్ట్రసగటుకు చేర్చుట పదియేండ్ల పనిగ నిర్ణయించి, ఏటేట లెక్క ప్రకటింపవలయును. జలాశయములలో మునిగిన పల్లెల బాకీని తీర్చవలయును. ఆఫ్రికాదేశముల విద్యార్థులు మన నగరములకు వచ్చినప్పుడు, ఆక్రాలో మన ప్రతినిధి పొందిన మర్యాదను వారికి మన వీధులలో చూపవలయును.

బిరుదులను నమ్మిన నైజామునకు రీడింగు లేఖ వచ్చెను. ప్రజలను నమ్మిన పత్రికకు వనపర్తి ఓటు వచ్చెను. ఈ రెంటిని చూచిన సీమ మనది. దేశమునకు అంతస్తును లోకము ఈయదు, చూచి ఒప్పుకొనును. ఇచ్చునది గద్వాల బడిలోని పిల్ల, నల్లమల పెంటలోని చెంచు, మేస్త్రీ బండి దిగి ఇంటికి తిరిగివచ్చిన పాలమూరు కూలి. వారి తలయెత్తిన దినమున మన కుర్చీ ఎక్కడ వేయవలెనని ఎవరిని అడుగ నక్కరలేదు.